మా వాడు ఇట్లుండేటోడు కాదు

మేం అశోక్‌నగర్‌లో ఉంటాం. మా ఇంటి పై రెండు అంతస్తుల్లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు అద్దెకుంటారు. పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం నాగర్‌కర్నూలు దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి కొడుకును చూసిపోదామని వచ్చింది. కొడుకు ఇంకా చిక్కడపల్లి గ్రంథాలయం నుంచి రాలేదు. మామిడికాయ తొక్కు సీసాను పాత తువాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని మా మెట్ల మీద కూర్చుంది. మంచినీళ్ళిచ్చి పలకరిస్తే మనసులో ఉన్నదంతా చెప్పుకుంది.

"మా వాడు ఇట్లుండేటోడు కాదు సారూ. గణేశ్ మండపం కాడ మైకు వీని చేతులనే ఉండేది. ఊర్ల ఎవ్వలింట్ల పెండ్లయినా వడ్డించుడు, ఉరుకుడు అంత వీడే. ఇప్పుడు ఫోన్ చేస్తే 'తిన్ననే, ఉంట' అని పెట్టేస్తడు. ఎవ్వలతోని కలుస్తలేడు. పట్నం వచ్చి మారిపోయిండా?"

ఆమెకు ఆ పూట ఏదో ధైర్యం చెప్పి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న చాలా ఇళ్ళలో ఉన్నదే. కలుపుగోలుగా తిరిగిన పిల్లవాడు ఉన్నట్టుండి ముభావంగా మారతాడు. పెళ్ళికి ముందు గలగలా నవ్విన అమ్మాయి తర్వాత మాట పొదుపు చేస్తుంది. ఆఫీసులో నలభై ఏళ్ళు తల వంచుకుని పనిచేసిన మనిషి రిటైరయ్యాక సభల్లో మైకు వదలడు. వీళ్ళలో అసలు మనిషి ఎవరు? ముందున్నవాడా, తర్వాత వచ్చినవాడా?

మన దగ్గర స్వభావం మీద తీర్పు చిన్నప్పుడే ఇచ్చేస్తారు. చుట్టాలొస్తే తలుపు చాటుకు పోయిన పిల్ల సిగ్గరి. ఆగకుండా మాట్లాడే పిల్ల వసపిట్ట. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదని సామెత ఉండనే ఉంది. ఇప్పటి పిల్లలు ఆ పాత పేర్ల బదులు ఇంట్రావర్ట్, ఎక్స్‌ట్రావర్ట్ అని తమకు తామే పెట్టుకుంటున్నారు. పేరు మారినా దాన్ని నుదుటిరాతలాగే మోస్తున్నారు. సామెతలో సగం నిజం ఉంది. ఆ సగమూ చెప్పుకోవాలి, మిగతా సగమూ చెప్పుకోవాలి.

అంతర్ముఖులు, బహిర్ముఖులు అన్న విభజనను ప్రపంచానికి అలవాటు చేసినవాడు స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్. 1921లో వచ్చిన 'సైకలాజికల్ టైప్స్' అనే పుస్తకంలో ఆయన దీన్ని వివరంగా చెప్పాడు. మనసులోని శక్తి కొందరిలో బయటి మనుషుల వైపు, వస్తువుల వైపు పారుతుంది, కొందరిలో లోపలి ఆలోచనల వైపు తిరుగుతుంది. అయితే ఆ రెండూ ప్రతి మనిషిలోనూ ఉంటాయని, పూర్తిగా ఒక వైపే ఉండేవాడంటూ ఉండడని కూడా ఆయన అన్నాడు. ఆ మాటను జనం మరిచిపోయారు. రెండేళ్ళకే, 1923లో, అమెరికాలో ఎడ్మండ్ కాంక్లిన్ అనే ఆయన మధ్యలో ఉండేవాళ్ళకు ఆంబివర్ట్ అని పేరు పెట్టాడు. మనం ఉభయముఖులు అనుకోవచ్చు. ఇది ఎత్తు లాంటిది. ఊళ్ళో మరీ పొడుగువాళ్ళు కొందరు, మరీ పొట్టివాళ్ళు కొందరు ఉంటారు, ఎక్కువమంది మధ్యస్తంగా ఉంటారు. స్వభావమూ అంతే.

ఇక్కడే ఒక తేడా చెప్పాలి. బిడియం వేరు, అంతర్ముఖత వేరు. బిడియం ఉన్నవాడికి నలుగురిలోకి వెళ్ళాలనే ఉంటుంది, ఏమనుకుంటారోనని భయం. అంతర్ముఖుడికి భయమేమీ ఉండకపోవచ్చు, నలుగురిలో రెండు గంటలు గడిపాక ఒంటరిగా కాసేపు కూర్చుంటేగానీ తెరిపి ఉండదు, అంతే. వేదిక ఎక్కి అద్భుతంగా మాట్లాడి దిగి, ఎవరికీ చిక్కకుండా ఇంటికి వెళ్ళిపోయే వక్తలు మనకు తెలుసు. వాళ్ళకు బిడియం లేదు, అంతర్ముఖత ఉంది.

పుట్టుకతో వచ్చేది ఎంత? హార్వర్డ్‌లో జెరోమ్ కాగన్ నాలుగు నెలల పసిపిల్లలకు కొత్త బొమ్మలు చూపించి, కొత్త శబ్దాలు, వాసనలు పరిచయం చేసి ఏళ్ళ తరబడి గమనించాడు. సుమారు ఐదుగురిలో ఒకరు కాళ్ళూ చేతులూ గట్టిగా ఆడిస్తూ ఏడ్చేవాళ్ళు. కొత్తదనానికి అంతగా కదిలిపోయే ఆ పిల్లలే పెద్దయ్యాక ఆచితూచి మెలిగే అవకాశం ఎక్కువని తేలింది. కవలల మీద జరిగిన పరిశోధనలు కూడా ఈ స్వభావంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు సగం వంశపారంపర్యమేనని చెబుతాయి. సామెతలోని సగం నిజం ఇదే. కానీ కాగన్ చూసిన ఆ పిల్లల్లో పెరిగి పెద్దయ్యాక కూడా మరీ భయస్తులుగా మిగిలినవాళ్ళు కొద్దిమందే. పుట్టుక హద్దులు గీస్తుంది. ఆ హద్దుల మధ్య ఎక్కడ నిలబడతామన్నది బతుకు చూసుకుంటుంది.

వయసుతో వచ్చే మార్పు గురించి బలమైన ఆధారం 2006లో వచ్చింది. బ్రెంట్ రాబర్ట్స్, ఆయన సహచరులు కలిసి, ఒకే మనుషుల్ని ఏళ్ళ తరబడి వెంబడించిన 92 అధ్యయనాలను ఒక్కచోట చేర్చి చూశారు. బహిర్ముఖత అని మనం ఒకే మాటతో పిలిచేది నిజానికి రెండు పాయలని వాళ్ళ లెక్కల్లో కనబడింది. ఒకటి, జనంలో ఉండాలనే ఉత్సాహం, కబుర్ల సరదా. ఇది టీనేజీలో పెరుగుతుంది, ముసలితనంలో తగ్గుతుంది. రెండోది, నలుగురి ముందు నిలబడి తన మాట చెప్పగల నిబ్బరం. ఇది ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య బాగా పెరుగుతుంది. అంటే ముప్ఫై అయిదేళ్ళ మనిషి పండగలకూ పబ్బాలకూ పోవడం తగ్గించుకుని, అదే సమయంలో పంచాయితీలో గట్టిగా మాట్లాడగలడు. ఇంట్లోవాళ్ళు మొదటిది చూసి ముభావి అయ్యాడంటారు, ఊరివాళ్ళు రెండోది చూసి మాటకారి అయ్యాడంటారు. ఇద్దరూ చూసింది నిజమే.

ఈ లెక్కల్ని పట్టుకుని ఒకసారి చిక్కడపల్లిలో నడిచి చూద్దాం. నగర కేంద్ర గ్రంథాలయం ఇక్కడే ఉంది. లోపల కుర్చీ దొరకనివాళ్ళు ఆవరణలో చెట్ల కింద కూర్చుని చదువుతుంటారు. ఒక్కొక్కరి ముందూ ఉండేవి దాదాపు అవే వస్తువులు: నీళ్ళ సీసా, చేత్తో రాసుకున్న తెలంగాణ చరిత్ర నోట్సు, అంచులు నలిగిన కరెంట్ అఫైర్స్ పుస్తకం, ఎరుపూ నీలం పెన్నులు. లేచి వెళ్ళేటప్పుడు కుర్చీ మీద చేతిరుమాలు పరిచి పోతారు. ఇరవై రెండు నుంచి ముప్ఫై ఐదు దాకా వయసువాళ్ళు వందలమంది ఉన్నా వినిపించేది కాగితం తిప్పిన చప్పుడు. బయట అశోక్‌నగర్ సందుల్లో రీడింగ్ రూములు, జిరాక్స్ షాపులు, మెస్సులు. చాయ్ బండి దగ్గర కూడా మాటలు సిలబస్ దాటవు. ఆ తల్లి కొడుకు మాట్లాడటం మానేసింది ఇక్కడే.

ఆ పిల్లవాడి స్వభావం మారలేదు, బతుకు అడిగే పని మారింది. నోటిఫికేషన్, ప్రిలిమ్స్, మెయిన్స్ అని సాగే ఈ జీవితంలో లోపలికి తిరగక తప్పదు. పైగా అది ఎన్నాళ్ళో వాడి చేతిలో లేదు. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది, పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్ళీ పెట్టారు, దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చి జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్ జరిగింది. త్వరలో ముగుస్తుందనుకున్న మౌనం అలా ఏళ్ళ తరబడి సాగింది. ఊరికి పోతే 'ఏమైంది బిడ్డా?' అని అడుగుతారని బతుకమ్మకూ పోడు. బయటినుంచి చూసేవాళ్ళకు వాడు అంతర్ముఖుడు.

అదే మనిషిని శుక్రవారం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూడండి. అభిమాన నటుడి సినిమా విడుదలైన రోజు దేవి, సుదర్శన్ థియేటర్ల ముందు కాగితాలు ఎగరేస్తూ ఈల వేసేవాళ్ళలో గ్రంథాలయంలో మీ పక్కన నోరు మెదపకుండా కూర్చున్నవాళ్ళుంటారు. ఈ రెండు చోట్ల మధ్య దూరం పది నిమిషాల నడక. 2024లో ఇంకో దృశ్యం చూశాం. గ్రూప్-2 వాయిదా వేయాలని జులైలో, గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వేయాలని అక్టోబరులో ఈ పిల్లలే రోడ్ల మీదికి వచ్చి నినాదాలిచ్చారు. చాయ్ బండి దగ్గర 'ఒక చాయ్ అన్నా' తప్ప ఇంకో మాట మాట్లాడని పిల్లలు గొంతు బొంగురుపోయేలా అరవడం నేను కళ్ళారా చూశాను.

ఇది వింతేమీ కాదు. అమెరికాలో విలియం ఫ్లీసన్ అనే పరిశోధకుడు మనుషుల్ని రెండు మూడు వారాలపాటు రోజుకు చాలాసార్లు, ఈ గంటలో ఎంత చురుగ్గా, ఎంత మాటకారిగా ఉన్నావని అడిగి రాయించాడు. 2001లో ఆయన ప్రచురించిన ఫలితం ఇది. మనిషికీ మనిషికీ మధ్య ఎంత తేడా ఉందో, ఒకే మనిషిలో గంటకూ గంటకూ మధ్య కూడా ఇంచుమించు అంత తేడా ఉంది. అయినా వారం మొత్తానికి సగటు తీస్తే ఎవరి సగటు వాళ్ళకే నిలకడగా ఉంది. అందుకే ఒక్క పూట చూసి మనిషి మీద తీర్పు చెప్పకూడదు. ఊయల ముందుకూ వెనక్కూ ఎంత ఊగినా దూలం ఉన్నచోటే ఉంటుంది. జీవితంలో దశ మారినప్పుడు ఆ దూలం కూడా కొంచెం జరుగుతుంది, నెమ్మదిగా.

పని ఆ దూలాన్ని ఎలా జరుపుతుందో ఉద్యోగం వచ్చినవాళ్ళను చూస్తే తెలుస్తుంది. కేంద్ర సివిల్స్‌లో మొత్తం 2025 మార్కుల్లో 275 ఇంటర్వ్యూకే ఉంటాయి కాబట్టి చివర్లో అయినా నోరు తెరవడం నేర్చుకోవాలి. తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలను 2022లో తీసేశారు. కాబట్టి రాతలో గెలిచిన ముభావి నేరుగా డిప్యూటీ కలెక్టరో డీఎస్పీయో అవుతాడు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వచ్చిన ముసలమ్మ పింఛను కాగితం చేతిలో పెట్టి నిలదీస్తుంది. అక్కడ జవాబు చెప్పి తీరాలి. ఆరు నెలలు తిరిగేసరికి ఆ గొంతులో నిబ్బరం వస్తుంది. ఇరవై నుంచి నలభై మధ్య నిబ్బరం పెరుగుతుందన్న లెక్క వెనుక ఇలాంటి సోమవారాలు ఉంటాయని నా నమ్మకం.

అలాగని మాటకారితనం నేర్చుకున్నవాడు లోపల మారిపోయాడని కాదు. కెనడాకు చెందిన బ్రయన్ లిటిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గొప్ప ఉపన్యాసకుడు, స్వభావానికి అంతర్ముఖుడు. మనసుకు ముఖ్యమైన పని కోసం మనిషి తన స్వభావానికి ఎదురు నడవగలడని, కానీ ఆ తర్వాత కుదుటపడే చోటు ఒకటి కావాలని ఆయన చెప్పాడు. ఉపన్యాసాల మధ్య విరామంలో తాను మరుగుదొడ్డిలో దాక్కునేవాణ్ణని కూడా చెప్పుకున్నాడు. మన కోచింగ్ సెంటర్లలో రోజుకు నాలుగు బ్యాచ్‌లకు గొంతెత్తి పాఠం చెప్పి, ఇంటికొచ్చాక భార్యాపిల్లలతో ముక్తసరిగా మాట్లాడే మాస్టార్ల ఇళ్ళలో ఈ సంగతి తెలియక ఎంత నొచ్చుకుంటారో! వారంపాటు కావాలని కలుపుగోలుగా ఉండమన్న ఒక అధ్యయనంలో చాలామందికి ఉల్లాసం పెరిగింది, బాగా అంతర్ముఖులైనవాళ్ళకు మాత్రం అలసట వచ్చింది, తమది కాని బతుకు బతుకుతున్నట్టు అనిపించింది.

యూంగ్ జీవితాన్ని పగటితో పోల్చాడు. పొద్దున సూర్యుడు పైకి ఎక్కుతూ లోకాన్ని వెలిగిస్తాడు, మధ్యాహ్నం దాటాక కిరణాలను తనలోకి తీసుకుంటాడు. యౌవనంలో బయటికి, వయసు మళ్ళాక లోపలికి అని ఆయన ఉద్దేశం. మన పెద్దలు ఇంకో రకంగా చూశారు. బ్రహ్మచర్యంలో గురువు దగ్గర లోపలికి, గృహస్థుగా బయటికి, వానప్రస్థంలో మళ్ళీ లోపలికి. తెలుగులో దీనికి చలాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1894లో పుట్టి, రాతలతో లోకంతో తగాదా పడుతూ బతికిన మనిషి 1950లో బెజవాడ విడిచి అరుణాచలం వెళ్ళి, 1979లో పోయేదాకా అక్కడే ఉండిపోయాడు. అయినా అక్కడినుంచి రాయడం మానలేదు, వెతుక్కుంటూ వచ్చేవాళ్ళూ ఆగలేదు.

చిక్కడపల్లిలో ఈ రెండు లెక్కలూ తారుమారు అవుతాయి. గ్రంథాలయానికి కాస్త దూరంలోనే త్యాగరాయ గానసభ ఉంది. సాయంత్రం అయితే పుస్తకావిష్కరణలు, సన్మానాలు, పాటల కచేరీలు. ముందు వరుసల్లో నెరిసిన తలలు. నలభై ఏళ్ళు ఫైళ్ళతోనో బ్యాంకు లెడ్జర్లతోనో గడిపిన పెద్దమనిషి కళా సుబ్బారావు కళావేదిక మీద నిలబడి తను రాసిన గేయం చదువుతుంటే చేతిలో కాగితం వణుకుతుంది, గొంతు వణకదు. ఒకే పేటలో, ఒకే సాయంత్రం, ఇరవై అయిదేళ్ళవాళ్ళు మౌనంగా తల వంచుకుని ఉంటారు, డెబ్భై అయిదేళ్ళవాళ్ళు మైకు ముందుంటారు. ముసలితనంలో ఉత్సాహం తగ్గుతుందన్న పరిశోధనకు ఇది విరుద్ధంగా కనిపిస్తుంది గానీ కాదు. అది అందరి సగటు. లారా కార్‌స్టెన్సెన్ అనే పరిశోధకురాలు చెప్పినట్టు, మిగిలిన కాలం తక్కువని తెలిసినకొద్దీ మనిషి పరిచయాలు తగ్గించుకుని మనసుకు దగ్గరైనవాళ్ళనూ పనులనూ ఎంచుకుంటాడు. గానసభకు వచ్చే పెద్దాయన పెళ్ళిళ్ళకు పోవడం మానేసి ఉంటాడు. సాయంత్రం ఆరింటికి ఇక్కడికి మాత్రం వస్తాడు.

ఆడవాళ్ళ విషయం విడిగా చెప్పాలి. పుట్టింట్లో వసపిట్ట, అత్తింట్లో ముంగి, అరవై దాటాక ఇంటికి పెద్దనోరు. ఈ మూడు దశలూ ఒకే మనిషివి కావడం మనకు ఎంత మామూలైపోయిందంటే దాన్ని స్వభావమని కూడా అనం, సంసారమంటాం. మా వీధి చివర పిన్నిగారొకరు పొద్దున్నే నారాయణగూడ మేల్కోటె పార్కులో నడిచి వస్తారు. దారి పొడుగునా ఎవరో ఒకరితో మాటలే. 'పెళ్ళయిన ఇరవై ఏళ్ళు నా గొంతు నాకే వినపడలేదు బాబూ' అన్నారొకసారి. అత్తగారు పోయాక, పిల్లలు స్థిరపడ్డాక ఆ గొంతు తిరిగొచ్చింది. ఆ ఇరవై ఏళ్ళలో ఎవరైనా ఆమెకు ప్రశ్నపత్రం ఇచ్చి పరీక్షిస్తే అంతర్ముఖురాలని రాసిచ్చేవాళ్ళు. అది ఆమె స్వభావం కాదు, ఆమెకు దొరకని చోటు. 1928లో మాడపాటి హనుమంతరావు ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టించారు, అది ఆయన పేరుతో ఈ నారాయణగూడలోనే ఉంది. అలాంటి బడి పిల్లలకు పాఠాలతోపాటు మాట్లాడే చోటునూ ఇచ్చింది. చోటు దొరికితే ఎన్ని గొంతులు లేస్తాయో చూడటానికి సాయంత్రం బడి వదిలే వేళ ఏ గేటు దగ్గర నిలబడినా చాలు.

అందుకే ఆ తల్లిలాంటి వాళ్ళకు చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఒకటుంది. మౌనాలన్నీ ఒకటి కావు. చదువు మీద ఉన్నవాడి మౌనం, చిన్నప్పటినుంచీ నెమ్మదిగా ఉన్నవాడి మౌనం భయపడాల్సినవి కావు. మొహం చూపించలేక వచ్చే మౌనం వేరు. ఇష్టంగా తినేది తినకపోవడం, రాత్రుళ్ళు నిద్రపోకపోవడం లేదా పగలంతా పడుకోవడం, ఇంతకుముందు ప్రాణంగా చూసే క్రికెట్టూ సినిమా కూడా రుచించకపోవడం, తన వల్ల ఇంటికి భారమని పదే పదే అనడం - ఇవి రెండు వారాలకు మించి సాగితే దాన్ని స్వభావమని వదిలేయకూడదు. అది దిగులు జబ్బు కావచ్చు, దానికి వైద్యం ఉంది. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. 'వాడు ఇంట్రావర్ట్ అంతే' అన్న మాట చాటున ఇలాంటి దిగులు దాక్కోవడం చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

తేడా పట్టుకోవడానికి ఇంట్లోవాళ్ళకు ఒక దారి ఉంది. ఫలితం గురించి కాకుండా ఇంకేదైనా అడిగి చూడాలి. అంతర్ముఖుడైనా, చదువులో మునిగినవాడైనా తనకు ఇష్టమైన సంగతి ఎత్తితే కదులుతాడు. దిగులుతో ఉన్నవాడు అప్పుడు కూడా కదలకపోవచ్చు.

ఆ రాత్రి ఆ తల్లి కొడుకు గదిలోనే పడుకుంది. మర్నాడు పొద్దున నాకు నారాయణగూడలో పని ఉండి బయల్దేరితే వాళ్ళిద్దరూ గేటు దగ్గర కలిశారు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో ఆమెను నాగర్‌కర్నూలు బస్సెక్కించి వస్తానన్నాడు అబ్బాయి. ముగ్గురం చిక్కడపల్లి మెట్రో స్టేషన్‌కు నడిచాం. సంచి కొడుకు చేతిలో ఉంది. మెట్లెక్కుతూ ఆమె, ఎర్ర బర్రె ఈనిందని, దూడ పాలు తాగుతలేదని చెప్పింది. వాడు ఆగాడు. "ఎన్నొద్దులాయె? మూతి ఎండిపోయిందా? గోరువెచ్చటి నీళ్ళు వట్టినవా?" అని మొదలుపెట్టాడు. టికెట్ తీసుకునేటప్పుడూ ఆపలేదు, ప్లాట్‌ఫారం మీదా ఆపలేదు. మూడేళ్ళ కింద ఇంకో దూడను ఎలా బతికించాడో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. నారాయణగూడ ఒక్క స్టేషనే. తలుపులు తెరుచుకున్నాయి, దిగి వెనక్కి తిరిగి చూశాను. ఆమె తల ఊపుతూ వింటోంది, వాడు ఇంకా చెబుతూనే ఉన్నాడు.